మన చెరువుల చేపలకు చిట్టా వ్రాసిన వైద్యుడు: ఫ్రాన్సిస్ డే

మృగశిరకార్తె ప్రవేశించిన నాడు హైదరాబాదున ముషీరాబాదు చేపల అంగడికి జనము వెల్లువవలె వచ్చును. రోహిణి ఎండలు తగ్గి తొలకరి మొదలగు ఆ దినమున చేప తినవలెననుట తరతరముల ఆచారము. బొచ్చె కావలెనని ఒకరు, కొర్రమట్ట కావలెనని ఒకరు, వాలుగ కావలెనని ఒకరు పేరుపేరున అడిగి కొందురు. ఆ బొచ్చె ఏ నీట పుట్టునో, ఏ ఋతువున గ్రుడ్లు పెట్టునో, దాని పిల్లలలో ఎన్ని బ్రతికి పెద్దవగునో ఎరిగినవారు మాత్రము ఆ సందడిలో కొద్దిమందియే. నూటయేబది సంవత్సరములకు పూర్వము ఈ ప్రశ్నలనే పట్టుకొని, హిందూదేశపు నదులను, చెరువులను, కాలువలను గాలించి, దొరికిన చేపనెల్ల కొలిచి, వర్ణించి, దేశభాషలలోని పేర్లతో సహా గ్రంథస్థము చేసిన వైద్యుడొకడు కలడు. ఆయన పేరు ఫ్రాన్సిస్ డే.

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున ససెక్సు మండలములోని మేర్స్‌ఫీల్డు గ్రామమున 1829 మార్చి 2వ తేదీన డే జన్మించెను. తండ్రి భూవసతి గల గృహస్థు. ష్రూజ్‌బరీ పాఠశాలలో చదువు ముగించి, 1849లో లండనునందలి సెయింట్ జార్జి వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. 1851లో శస్త్రవైద్యపట్టము పొంది, మరుసటి ఏటనే ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున సహాయవైద్యుడుగా ఉద్యోగము సంపాదించెను. ఆయన కొలువున చేరిన ఆ 1852వ సంవత్సరముననే ధవళేశ్వరము వద్ద గోదావరి ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ రాతికట్టకును ఈ యువవైద్యునికిని కాలక్రమమున సంబంధ మేర్పడునని అప్పుడెవ్వరును ఊహించియుండరు.

కొలువున చేరినవెంటనే రెండవ బర్మాయుద్ధమున సేనలతో పోవలసివచ్చెను. యుద్ధము ముగిసిన పిదప దక్షిణాపథమున పలుచోట్ల పనిచేసి, చివరకు కొచ్చిన్ చేరెను. ఆ దేశము నీటిదేశము. ఇంటి ముంగిట కాయలు, కాయల వెనుక సముద్రము, ఎటుచూచినను వలలు, పడవలు. రోగులను చూచుట ముగిసిన పిమ్మట డే చేపల రేవునకు పోయి, జాలరులు తెచ్చినవానిని పరిశీలించుట కలవాటుపడెను. ఆ దేశచరిత్రమును గూర్చి 1863లో ఒక గ్రంథమును, మలబారు చేపలను గూర్చి 1865లో మరియొక గ్రంథమును ప్రకటించెను. రెండవ గ్రంథముతో ఆయన జీవితమార్గము నిర్ణయమైనదని చెప్పవచ్చును.

ఈ మార్గమున ఆయనకు ముందు నడచినవారు లేకపోలేదు. వారిలో కొందరి అడుగులు తెలుగునేల మీదనే పడినవి. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి రెండువందల చేపలను చిత్రములతో వర్ణించిన గ్రంథము 1803లో లండనున వెలువడెను. రస్సెల్ చేపలకు లాటిను పేర్లు వెదకుచు కూర్చుండక, జాలరుల నోట వినిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేర్లనే గ్రహించిరి. కనుకనే కానగుర్త చేపకు నేటికిని శాస్త్రనామమున కానగుర్త యను మాటయే నిలిచియున్నది. వాలుగ చేప వర్గమునకు ప్రపంచమంతట వాల్లగో యనియే పేరు. రస్సెల్ పిదప ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి 1822లో వ్రాసిన గ్రంథమున బొచ్చె, రోహు, మోసు శాస్త్రమున చోటు సంపాదించుకొనెను. నెల్లూరున సివిలు సర్జనుగా నుండిన జెర్డన్ యానాదుల సాయముతో అడవులందలి జంతువులను ఎరుకపరచుకొని, దక్షిణదేశపు మంచినీటి చేపలను గూర్చియు వ్యాసములు వ్రాసెను. ఇట్లు చెల్లాచెదురుగా నున్న సామగ్రిని ఒకచోట కూర్చి, తప్పొప్పులు తేల్చి, దేశమంతటికిని ఒక చిట్టా తయారుచేయువాడు కావలసియుండెను.

అయితే డేను ప్రభుత్వము మొదట నియోగించిన పని ఇది కాదు. ఆనాటి ఆంగ్లోద్యోగులకు గాలపువేట మీద మక్కువ మెండు. స్వదేశమున వారు వేటాడినది ట్రౌటు అను చల్లనీటి చేప. కొక్కెమునకు ఈకయు పట్టుదారమును చుట్టి, ఈగను పోలినదానిగా చేసి, సన్నని బెత్తముతో దానిని విసరి నీటిమీద తేలికగా వాల్తురు. ట్రౌటు అది నిజమైన ఈగయనుకొని పైకి లేచి అందుకొనును. ఎర గ్రుచ్చి, బెండు కట్టి గట్టున కూర్చుండుటకంటె ఇది గొప్ప విద్యయని వారి అభిమానము. నీలగిరుల సెలయేళ్లలో ట్రౌటును పెంచినచో ఆ వేడుక ఇచ్చటను దొరకునని వారికి ఆశ కలిగెను. 1866లో డే ఆ ప్రయత్నమునకు పూనుకొనెను. అప్పటికి సూయజు కాలువ తెరవబడలేదు. చల్లనినీట తప్ప బ్రతుకని గ్రుడ్లను మంచుగడ్డల నడుమ భద్రపరచి, ఉష్ణమండలపు సముద్రముల మీదుగా తెచ్చి, కొండ లెక్కింపవలెను. ఎంత జాగ్రత్త తీసికొన్నను ఆ ప్రయత్నము ఫలింపలేదు. నీలగిరులలో ట్రౌటు నిలద్రొక్కుకొనుట ఇరువదవ శతాబ్దము ఆరంభమున గాని జరుగలేదు.

ఈ ఓటమి ఒకవిధముగా మేలే చేసెను. ఆ కాలముననే దొరతనమువారి యెదుటికి వేరొక ప్రశ్న వచ్చెను. పెద్దనదులకు అడ్డముగా కట్టిన ఆనకట్టల వలన చేపలకు హాని కలుగుచున్నదా యనునదియే ఆ ప్రశ్న. దానిని లేవనెత్తినవారిలో గోదావరి ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ దొరయు ఒకడగుట గమనింపదగినది. పులస వంటి చేప సముద్రమునుండి వరదనీటికి ఎదురీది నదిలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టును. దారిలో రాతిగోడ అడ్డమైనచో అది గోడ క్రిందనే గుమిగూడి జాలరుల పాలగును. విచారణ చేయు భారము డేకు అప్పగింపబడెను. విదేశపు చేప నొకదానిని తెచ్చుటకు బయలుదేరినవాడు స్వదేశపు చేపలన్నిటికిని సాక్షియయ్యెను.

మద్రాసు రాజధానితో ఆరంభమైన విచారణ ఒరిస్సా, బర్మా, అండమాను దీవుల వరకు వ్యాపించెను. 1871లో ఆయన హిందూదేశ మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టరు జనరల్‌గా నియమింపబడెను. ఎడ్లబండ్ల మీదను, గుఱ్ఱముల మీదను, పడవల మీదను ఆయన ఊరూర తిరిగెను. జిల్లా అధికారులకును తాసీల్దారులకును ప్రశ్నలు పంపి జవాబులు రాబట్టెను. మీ తాలూకాలో చేపలు తఱిగినవా, పెరిగినవా? వల కన్ను ఎంత? వానకాలమున పొలములలో చేపపిల్లలను పట్టుదురా? చెరువులలో విషము కలుపుదురా? ఇట్టివి ఆ ప్రశ్నలు. వచ్చిన జవాబులను తన పరిశీలనతో జోడించి 1873లో మంచినీటి చేపలను గూర్చి ఒక నివేదికను, సముద్రపు చేపలను గూర్చి ఒక నివేదికను సమర్పించెను.

ఆ నివేదిక సారమును తెలంగాణమున చెరువుగట్టు నెరిగిన ప్రతివాడును సులభముగా గ్రహింపగలడు. మన చెరువులు వానమీద ఆధారపడినవి. తొలకరికి వాగులు పొంగి, చెరువు నిండి, మత్తడి దుముకును. క్రొత్తనీటి వాసన తగిలినంతనే గ్రుడ్లతో నిండిన చేపలు ప్రవాహమునకు ఎదురెక్కును. బొచ్చె, రోహు, మోసు మొదలగు పెద్దజాతులు నిలిచిన నీట గ్రుడ్లు పెట్టవు. వరదనీరు పారు చోటనే పెట్టును. ఆ సమయముననే జనము మత్తడి క్రిందను, కాలువల మలుపులందును ఊతలు, మావులు, వలలు పన్ని కాచుకొనియుందురు. ఎదురెక్కు తల్లిచేప ఒక వలలో పడును. తప్పించుకొన్న తల్లి గ్రుడ్లు పెట్టినచో, వాని పిల్లలు నీటితోపాటు వరిమళ్లలోనికి కొట్టుకొనిపోయి, మడవల వద్ద పన్నిన సన్నపు బుట్టలలో చిక్కును. మిగిలినవి వేసవిలో ఎండిన మడుగులలో చచ్చును. మంగకాయలు, కాకమారి గింజలు దంచి నీట కలిపి, పెద్దయని చిన్నయని లేక సమస్తమును చంపు పద్ధతియు కొన్నిచోట్ల నుండెను. గోరంత పిల్లలను తట్టలకొలది పట్టి ఎండబెట్టి అమ్మువారు, ఆ తట్టలో రాబోవు సంవత్సరముల అంగడియంతయు చచ్చియున్నదని యెరుగరని ఆయన వాదము.

దోషమంతయు జనులదేయని ఆయన అనలేదు. దారి వదలక ఆనకట్టలు కట్టినది ప్రభుత్వమే. పూర్వము చేపలవేట హక్కులను గుత్తకిచ్చు పద్ధతి చాలచోట్ల ఉండెను. గుత్తదారు తన లాభము కొరకైనను పిల్లచేపలను కాపాడుకొనెడివాడు. ఆ గుత్తలు రద్దయిన చోట్ల నీరు అందరిదియు అయ్యెను. కాపాడువాడు మాత్రము ఒక్కడును లేకపోయెను. కనుక వల కన్ను ఇంతకు తక్కువ యుండరాదనియు, పారునీటికి అడ్డముగా మావులు నాటరాదనియు, నీట విషము కలుపరాదనియు, ఆనకట్టలలో చేపలు ఎక్కుటకు మెట్లు విడువవలెననియు శాసనము చేయుమని ఆయన కోరెను.

ఈ కోరికకు ఎదురు చెప్పినవారు అధికారులలోనే ఉండిరి. చిన్నచేప పేదవాని కూర. దానిని పట్టరాదని శాసించినచో పేదవాని నోటిముద్ద తీసినట్లగునని వారి అభ్యంతరము. ఆ మాట త్రోసివేయదగినది కాదు. 1866లో ఒరిస్సాయందును, 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమునను పెనుకరవులు వచ్చినవి. అట్టి కాలమున నీటిలోని పరిగెపిల్ల ప్రాణాధారము. డే మాత్రము కరవు గడిచిన పిమ్మట తినుటకు చేప మిగులవలెననియే చెప్పెను. పేదవాని నేటి కూరకును అతని బిడ్డల రేపటి కూరకును నడుమ వచ్చిన వ్యాజ్యమిది. ప్రభుత్వమునకు వెంటనే తీర్పుచెప్పు ధైర్యము చాలలేదు. ఆయన ఉద్యోగకాలమున ఆ శాసనము రానేలేదు.

ఈ పోరాటమున ఆయనకు తోడుపడినవారిలో హెన్రీ సల్లివన్ థామస్ ముఖ్యుడు. ఆయన మద్రాసు సివిలు సర్వీసు ఉద్యోగి. మంగుళూరున పనిచేయుచు మత్స్యసంరక్షణమునకు పాటుపడిన గాలపువేటకాడు. దేశపు నదులలోని గాలపువేటను గూర్చి ఆయన 1873లో ఒక గ్రంథమును, చెరువులలోని వేటను గూర్చియే 1887లో మరియొక గ్రంథమును వ్రాసెను. ట్రౌటు లేదని విచారించు దొరలకు ఆయన చూపినది మన కార్పుజాతి చేపలనే. నదులలోని మహాశీరము బలమున సాల్మనుకు తీసిపోదని వాదించెను. చెరువులలో గాలము వేయువానికి చేపల నడవడి తెలియవలెను. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైపొరలలో మేయును. రోహు నడిమిపొరలలో తిరుగును. మోసు అడుగుబురదను వెదకును. చిన్నజాతి చేపలు నీటిమీద వాలు పురుగులకై ఎగిరిపడును. దేనికి ఈగ, దేనికి పిండి, ఎంత లోతున ఎర యనునవి తెలిసినగాని గాలము కదలదు. అందుచేత మంచి గాలపువాడు తెలియకయే సగము శాస్త్రజ్ఞుడగును. థామస్ పంపిన చేపలను డే పరీక్షించుచుండెను. 1874లో ఒక కార్పుజాతికి ఆయన పేరే పెట్టెను.

డే పరిశీలనలలో విద్యార్థుల మనస్సును మిక్కిలి ఆకర్షించునది కొర్రమట్ట కథ. చెరువు ఎండినను కొర్రమట్ట వెంటనే చావదు. తడిబురదలో దూరి నిలుచును; తట్టలో వేసి అంగడికి తెచ్చినను ప్రాణముతో కదలుచుండును. దీనికి కారణము అది మొప్పలతో నీటిలోని వాయువును మాత్రమే గాక, పైకి వచ్చి గాలిని కూడ పీల్చుటయే. అట్టి చేపను నీటి క్రిందనే ఉండునట్లు అడ్డుకట్టి పైకి రానీయనిచో, చుట్టును నీరుండగనే ఊపిరాడక చచ్చునని డే పరీక్షించి చూపెను. చేప నీట మునిగి చచ్చుటయనిన వింతగా తోచును గాని అది సత్యము. ఈ ప్రశ్న తరువాత మన నగరమునకే చేరెను. గాలి పీల్చు చేపల జీవనమును గూర్చి 1927లో లండను రాయల్ సొసైటీ వారి పత్రికలో ప్రసిద్ధవ్యాసము ప్రకటించిన బి. కె. దాస్ ఉస్మానియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులుగా ఉండెను. తార్నాక చెంతనున్న ఆ విద్యాప్రాంగణమున చదువుకొన్న తరములవారికి డే పేరు ఈ మార్గమునను పరిచితము.

ఇంతటి పని నడుమ డే గృహజీవితము సుఖముగా సాగలేదు. 1857లో వివాహమాడిన భార్య 1869లో మరణించెను. 1872లో రెండవ వివాహము చేసికొనెను. ఆమెయు మరుసటి ఏడే గతించెను. రెండు నివేదికలును వెలువడిన సంవత్సరమే ఆ 1873. ఆరోగ్యమును అంతంతమాత్రము. అయినను ఆయన పని ఆపలేదు. హిందూదేశపు చేపలను గూర్చిన మహాగ్రంథము 1875 నుండి 1878 వరకు భాగములుగా ప్రకటితమయ్యెను. దాదాపు రెండువందల చిత్రఫలకములతో కూడిన ఆ గ్రంథమున ప్రతి జాతికిని కొలతలు, పొలుసుల లెక్క, రెక్కల ముండ్ల లెక్క, దొరకు తావులు ఇచ్చి, అరవము, తెలుగు, వంగము, ఒరియా మొదలగు భాషలలోని పేర్లను గూడ చేర్చెను. బొచ్చె యను తెలుగుమాట అందున్నది. పేరు లేనిదే జాలరికిని పండితునికిని మాట కుదరదని ఆయన ఎరుగును.

1877లో ఉద్యోగమునుండి విరమించి ఇంగ్లండునందలి చెల్టన్‌హాము పట్టణమున స్థిరపడెను. అచ్చట బ్రిటిషు దీవుల చేపలను గూర్చి గ్రంథములు వ్రాసెను. ఒకప్పుడు తనకు ఓటమి తెచ్చిన ట్రౌటును, సాల్మనును స్కాట్లండునందలి హౌయీటౌను మత్స్యక్షేత్రమున పెంచి పరీక్షించి, వానిని గూర్చి 1887లో ప్రత్యేకగ్రంథము ప్రకటించెను. కాని శాస్త్రలోకమున ఆయనకు ఒక పెద్ద వైరము తప్పలేదు. బ్రిటిషు మ్యూజియములో మత్స్యవిభాగమునకు పెద్దయైన ఆల్బర్టు గుంథర్ మహావిద్వాంసుడు. సీసాలలోని చేపలను చూచి ఆయన నిర్ణయించిన జాతులను, నీటిలోని చేపలను చూచిన డే పలుచోట్ల కాదనెను. వాదము ముదిరి ఇరువురి నడుమ మైత్రి లేకపోయెను. దాని ఫలితము విచిత్రమైనది. 1883లో లండనున జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనమున డే ఉంచిన హిందూదేశపు చేపల సేకరణములో పెద్దభాగమును ఆస్ట్రేలియానందలి సిడ్నీ మ్యూజియమువారు కొనిరి. కలకత్తాకును, యూరపులోని కొన్ని మ్యూజియములకును మరికొంత పోయెను. కనుక మన నదులలో పట్టిన చేప మూలరూపమును చూడవలెనన్న నేటి పరిశోధకుడు కొన్ని పట్ల సిడ్నీ నగరమునకు వ్రాయవలసియున్నది. ఇద్దరు పండితుల పంతమునకు సామాన్యవిద్యార్థి చెల్లించు సుంకమిది.

1885లో ప్రభుత్వము ఆయనకు సి.ఐ.ఇ. బిరుదమిచ్చెను. హిందూదేశ జంతుజాలమును గూర్చిన గ్రంథమాలలో చేపలను గూర్చిన రెండు సంపుటములను వ్రాయు పని ఆయనకు అప్పగింపబడెను. 1,418 జాతులను వర్ణించు ఆ సంపుటములు 1889లో వెలువడెను. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము ఆయేడే ఆయనకు గౌరవపట్టమిచ్చెను. కాని అప్పటికే కడుపులో పుట్టిన పుండువ్యాధి ఆయనను క్రుంగదీసెను. 1889 జూలై 10వ తేదీన, అరువదేండ్ల ప్రాయమున, చెల్టన్‌హామున డే కన్నుమూసెను.

ఆయన కోరిన శాసనము ఆయన చనిపోయిన ఎనిమిదేండ్లకు వచ్చెను. 1897వ సంవత్సరపు హిందూదేశ మత్స్యశాసనము నీటిలో విషము కలుపుటను, మందుగుండు ప్రేల్చుటను నేరముగా నిర్ణయించి, మావులను, వల కన్నును గూర్చి నిబంధనలు చేయు అధికారమును రాష్ట్రములకు ఒసంగెను. ఆయన విప్పిన మరియొక చిక్కు ముడి ఇంకను ఆలస్యముగా విడిపోయెను. పెద్దజాతి కార్పులు చెరువునీట గ్రుడ్లు పెట్టవు గనుక, చెరువు నింపవలెనన్న నదిలోని పిల్లలనే తేవలసియుండెను. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలోని అంగుల్ వద్ద, చేప మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి రసమును తల్లిచేపకు సూదిద్వారా ఎక్కించి, నిలిచిన నీటనే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినము జూలై 10వ తేదీ. కాకతాళీయమే యైనను అది డే వర్ధంతి దినము. నేడు మన దేశమున మత్స్యకృషీవలుర దినముగా జరుపుకొనునది ఆ తేదీయే. ముషీరాబాదు అంగడిలో నేడు అమ్ముడుపోవు బొచ్చెలలోను రోహులలోను అధికభాగము ఆ విద్యవలన పుట్టి పెరిగినవే. తెలంగాణ ప్రభుత్వము 2016 నుండి చెరువులలో వదలిన కోట్లాది చేపపిల్లలును ఆ పద్ధతినే పుట్టినవి.

అయినను డే లేవదీసిన వ్యాజ్యము ముగియలేదు. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున హుసేన్‌సాగరము తవ్వించినవారు దానిని మంచినీటి కొరకు తవ్వించిరి. తరువాతి కాలమున పరిశ్రమల వ్యర్థజలమును, ఇండ్ల మురుగును నగరపు చెరువులను ముంచినవి. మంగకాయ కలిపినవానిని దండించుటకు శాసనమున్నది. తెలియకయే నగరమంతయు కలుపు విషమునకు సమాధానము ఇంకను వెదకవలసియేయున్నది. చెరువుగట్టున గాలము వేసి కూర్చున్న బాలునికి ఏ చేప తగులును, ఏది తగులక మానినది అను లెక్కయే ఆ చెరువు ఆరోగ్యమునకు మొదటి కొలత. ఆ లెక్క వ్రాయుట ఎట్లో నేర్పినవాడు డే. ఆయన నేర్పిన పద్ధతికి పెద్ద పరికరములు అక్కరలేదు. చేప పేరు, పట్టిన తావు, తేదీ, పొడవు, కడుపులో గ్రుడ్లున్నవా లేవా యనునవి ఒక పుస్తకమున వ్రాసియుంచిన చాలును. ఏ పాఠశాల విద్యార్థులైనను తమ ఊరి చెరువును గూర్చి అట్టి పుస్తకమొకటి ఏటేట నింపినచో, ఆ చెరువు పెరుగుచున్నదో చచ్చుచున్నదో చెప్పుటకు ఆ ఊరికి వేరొక సాక్షి అక్కరలేదు.